స్కూల్ స్టాఫ్‌కి దెబ్బ తగిలితే ఏం చేయాలి, ఏం రాయాలి

స్కూల్లో పిల్లాడు పడితే పది మంది పరిగెత్తుకొస్తారు. అదే ఏ ఆయానో అటెండరో పడితే "ఏం కాలేదు సార్, అదే తగ్గిపోతుంది" అని వాళ్లే లేచి బట్టలు దులుపుకుని పనిలోకి వెళ్లిపోతారు, చూసినవాళ్లు కూడా అక్కడితో వదిలేస్తారు. కొన్ని వారాలకి నడుం పట్టేసి లేవలేకపోతే, సెలవుకో వైద్యం ఖర్చుకో అడిగినప్పుడు, ఆ దెబ్బ స్కూల్లోనే తగిలిందని చెప్పడానికి ఒక్క కాగితం ఉండదు. టీచర్ల సంగతి కొంత నయం. కిచెన్‌లో, బాత్రూముల దగ్గర, బస్సులో పనిచేసేవాళ్ల దెబ్బలే ప్రమాదాల రిజిస్టర్‌కి ఎక్కవు, నిజానికి ఎక్కువ ప్రమాదం ఉన్న పనులు వాళ్లవే.

ముందు మనిషిని చూడాలి, రాయడం తర్వాత. మెట్ల మీద నుంచో నిచ్చెన మీద నుంచో పడినవాళ్లు మెడ నొప్పి, వెన్ను నొప్పి అంటున్నా, కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కాయంటున్నా గబగబా లేపి కుర్చీలో కూర్చోబెట్టకండి, కదలకుండా అలాగే ఉంచి అంబులెన్స్ పిలవండి. కరెంట్ షాక్ అయితే మెయిన్ ఆఫ్ చేశాకే మనిషిని ముట్టుకోవాలి. కిచెన్‌లో చెయ్యి కాలితే పారే చల్లటి నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచాలి, ఐస్ వద్దు, టూత్‌పేస్ట్ వద్దు. ల్యాబ్‌లో యాసిడ్ లాంటిది కంట్లో పడితే వెంటనే నీళ్లతో కడగడం మొదలుపెట్టి కనీసం 15, 20 నిమిషాలు ఆపకుండా కడగాలి, ఈలోపు ఇంకొకరు ఆ సీసా లేబుల్ ఫొటో తీసి ఉంచితే డాక్టర్‌కి పనికొస్తుంది. తలకి దెబ్బ తగిలినవాళ్లు బాగానే మాట్లాడుతున్నా సరే, బండి మీద ఒంటరిగా ఇంటికి పంపొద్దు. వాంతులు, మగత, తలనొప్పి పెరగడం, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా ఆస్పత్రికే.

స్కూల్ కాబట్టి ఇంకో పని కూడా ఉంటుంది: దెబ్బ తగిలింది టీచర్‌కి అయితే ఆ క్లాసు పిల్లల్ని వేరే గదిలోకి తీసుకెళ్లడానికి ఒక మనిషి కావాలి. ఒకరు గాయపడినవాళ్ల దగ్గర, ఒకరు పిల్లల దగ్గర, ఒకరు ఫోన్ దగ్గర అని ముందే అనుకుని ఉంటే ఆ టెన్షన్‌లో ముగ్గురూ ఒకేచోట నిలబడిపోరు.

మనిషికి సాయం అందాక, ఎవరూ అటు రాకుండా చూసి, నేల తుడిచే లోపు, విరిగిన స్టూల్ మూలకి నెట్టేసే లోపు నాలుగు ఫొటోలు తీయండి. దగ్గరగా ఒకటి, గది మొత్తం కనపడేలా ఒకటి ఉండేలా చూసుకోండి.

ఇక రిజిస్టర్. అదే రోజు రాయాలి, ఎందుకంటే రెండు రోజులు గడిస్తే ఎవరికి వాళ్లకి వేరే కథ గుర్తుంటుంది. చాలాచోట్ల "మెట్ల మీద కాలు జారి పడింది, నిర్లక్ష్యం" అని రాసి వదిలేస్తారు, దీనివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఇలా రాయండి: "ఉదయం 8:20. ఆయా కాలు జారి పడింది. మొదటి అంతస్తు మెట్లు, కింది నుంచి రెండో మెట్టు. అప్పుడే తుడిచారు, ఇంకా తడిగా ఉంది, హెచ్చరిక బోర్డు లేదు. రెండు చేతుల్లో రెండు నీళ్ల బకెట్లు ఉన్నందువల్ల రెయిలింగ్ పట్టుకోలేకపోయింది. ఎడమ మణికట్టు వాచింది, వేళ్లు కదుపుతోంది. 8:30కి కట్టు కట్టి, 8:45కి ఆస్పత్రికి పంపాం." చూసినవాళ్ల పేర్లు, ఎవరికి ఎప్పుడు చెప్పారో కూడా చేర్చండి. నిర్లక్ష్యం, అజాగ్రత్త లాంటి మాటలు అసలు వద్దు, తప్పెవరిదో తేల్చే చోటు అది కాదు. గాయపడినవాళ్లకి చదవడం రాకపోతే రాసింది వాళ్లకి చదివి వినిపించి, సరే అన్నాకే సంతకమో వేలిముద్రో తీసుకోండి. ఒక కాపీ వాళ్ల చేతికి ఇవ్వాలి. దెబ్బ తగిలింది మీకే అయితే, ఇవ్వకపోతే అడిగి తీసుకోండి, కనీసం ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ఏవి రాయాలనేదాని మీద చాలా మందికి అనుమానం. పడటం, కాలడం, తెగడం సరే. బెంచీలు జరుపుతుంటే నడుం పట్టేయడం, పిల్లాడు కొరకడం, తల్లిదండ్రుల్లో ఎవరో చెయ్యి చేసుకోవడం, టూర్‌లో ఉండగా దెబ్బ తగలడం, ఇవన్నీ రాయాల్సినవే. కొరికినప్పుడు చర్మం తెగితే సబ్బుతో కడిగి అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. కాంట్రాక్టర్ పంపిన మనిషి అయినా ప్రమాదం జరిగింది మీ ఆవరణలోనే కాబట్టి కాంట్రాక్టర్‌కి చెబుతూనే మీ రిజిస్టర్‌లో కూడా ఎక్కించండి. ఖాళీ గదిలో ట్యూబ్‌లైట్ ఊడి పడితే ఎవరికీ ఏం కాలేదని వదిలేయొద్దు, అదీ ఒక ఎంట్రీనే.

పై అధికారులకి, ఇన్సూరెన్స్‌కి ఎప్పటిలోగా చెప్పాలనే గడువు దేశాన్ని బట్టి మారుతుంది. మరణం, ఎముక విరగడం, ఆస్పత్రిలో చేర్చడం లాంటివాటికి మామూలుగా నియమాలు కఠినంగానే ఉంటాయి. ప్రమాదం జరిగాక వెతుక్కోకుండా, మీకు వర్తించే గడువులు, ఫోన్ చేయాల్సిన నంబర్లు ముందే తెలుసుకుని రిజిస్టర్ అట్ట లోపల అంటించి పెట్టుకోండి. చెబితే ఉద్యోగం పోతుందేమోనని భయపడేవాళ్లకి ఒక మాట: పని ప్రమాదాల నమోదు మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2002లో ఒక ప్రోటోకాల్ (దేశాలు ఆమోదించాల్సిన ఒప్పందం) తెచ్చింది, ప్రమాదం గురించి తెలియజేసిన ఉద్యోగి మీద కక్ష సాధింపు చర్యలు తీసుకోకూడదని అందులో స్పష్టంగా ఉంది. అన్ని దేశాలూ దాన్ని ఆమోదించలేదు, అయినా మీ స్కూల్ ఆ ఒక్క నియమం పాటించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక్కరిని తిట్టారంటే చాలు, ఆ తర్వాత దెబ్బ తగిలినవాళ్లెవరూ నోరు విప్పరు.

వారం లోపల ఒకసారి కూర్చుని ఎందుకు జరిగిందో చూడండి. పైన రాసిన ఎంట్రీనే తీసుకోండి. మెట్లు 8:20కి ఎందుకు తడిగా ఉన్నాయి? అందరూ పైకి ఎక్కే టైమ్‌లోనే తుడవమని చెప్పారు కాబట్టి. బకెట్లు పైకి ఎందుకు మోయాలి? పై అంతస్తులో కుళాయి పనిచేయట్లేదు కాబట్టి. "జాగ్రత్తగా నడవండి" అని సర్క్యులర్ పంపితే ఈ రెండూ మారవు, కుళాయి బాగు చేయించి తుడిచే టైమ్ మార్చాలి. ఎవరు చేయిస్తారో, ఏ తేదీకో అదే పేజీలో రాసి, అయ్యాక టిక్ పెట్టండి.

మనిషి తిరిగి పనిలోకి వచ్చేటప్పుడు డాక్టర్ ఏం రాశారో చూసి దాని ప్రకారం పని ఇవ్వండి. బరువులు ఎత్తొద్దంటే ఎత్తొద్దనే, కాలికి కట్టు ఉన్న టీచర్‌కి కింది అంతస్తులో క్లాసు ఇవ్వడం పెద్ద కష్టమేమీ కాదు. ఆ కాగితం ఆఫీసు ఫైల్లో పెట్టేసి ఊరుకోకుండా, రోజూ పని చెప్పే సూపర్‌వైజర్‌కి కూడా విషయం చెప్పండి, లేకపోతే మొదటి రోజే ఆ ఆయాని మళ్లీ బకెట్లు మోయమంటారు.