ఫోర్ట్రాన్‌లో సైన్, స్క్వేర్‌రూట్ తప్పు విలువలిస్తుంటే ఎక్కడ వెతకాలి

ఫోర్ట్రాన్ ప్రోగ్రామింగ్ భాషలో సైనో లాగో తప్పు జవాబిస్తోందని ఎవరైనా అంటే నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే, దానికి ఏం పంపారు? ఆ ఫంక్షన్లు దశాబ్దాలుగా నలిగినవి, తప్పు దాదాపు ఎప్పుడూ మన వైపే ఉంటుంది. అయినా కంపైలర్ మార్చి చూసేవాళ్లు, ఫంక్షన్‌ని సొంతంగా రాసుకునేవాళ్లు ఎందరో, పంపిన విలువను ఒక్కసారి ప్రింట్ చేసి చూసేవాళ్లు మాత్రం తక్కువ. దయచేసి ఆ ఒక్క లైను ముందు రాయండి.

సైన్ 30.0కి 0.5 రావాల్సింది మైనస్ 0.988 వస్తోంది. మీరు డిగ్రీలిచ్చారు, అది రేడియన్లుగా తీసుకుంది. పై (π)తో గుణించి 180తో భాగించి పంపండి.

లాగ్ 100.0కి 2 బదులు 4.605 వస్తోంది. ఇక్కడ లాగ్ అంటే సహజ సంవర్గమానం. మీకు కావాల్సింది లాగ్10.

27కి ఘనమూలం 1 అంటోంది. ఘాతం దగ్గర 1/3 అని రాసుంటారు. రెండూ పూర్ణాంకాలు కాబట్టి భాగిస్తే సున్నా, ఘాతం సున్నా అయితే జవాబు 1. చుక్క పెట్టి 1.0/3.0 అనాలి, డబుల్ ప్రెసిషన్ (దాదాపు 16 అంకెల కచ్చితత్వం) అయితే అదీ చాలదు, ఎందుకో కింద ఉంది.

జవాబు దాదాపు సరిగ్గానే ఉంది, ఏడెనిమిది అంకెల తర్వాత చెడుతోంది. అసలు దొంగదెబ్బ ఇదే. వేరియబుళ్లన్నీ డబుల్‌గానే డిక్లేర్ చేసి ఉంటాయి, ఎర్రర్ రాదు, మామూలుగా వార్నింగ్ కూడా రాదు. పై (π) విలువ 3.14159265358979 అని ఓపిగ్గా టైప్ చేస్తారు, కానీ చివర డబుల్ అని చెప్పే డీ0 లాంటి గుర్తు లేకపోతే ఎన్ని అంకెలున్నా ఫోర్ట్రాన్ దాన్ని సింగిల్ ప్రెసిషన్‌గానే (దాదాపు ఏడంకెల కచ్చితత్వం) చదువుతుంది, ఈక్వల్‌కి ఎడమవైపు ఏముందో చూడదు. ప్రింట్ చేస్తే 3.14159274 కనిపిస్తుంది. నేనొకసారి తరంగం లెక్కలో ఇలాగే ఇరుక్కున్నాను. మొదట్లో అంతా బాగుంది, 10 లక్షల సైకిళ్లు గడిచేసరికి ఫేజ్ 0.175 రేడియన్లు, అంటే 10 డిగ్రీలు పక్కకు జరిగింది. టైమ్ స్టెప్ తగ్గించాను, పద్ధతి మార్చాను, రెండు రోజులు పోయాక పై విలువను ప్రింట్ చేశాను.

ఫంక్షన్లతోనూ ఇదే కథ. ఏ ప్రెసిషన్‌లో లెక్కించాలో ఫంక్షన్ తనకు అందిన విలువను బట్టే నిర్ణయించుకుంటుంది. 2.0 అని ఇస్తే స్క్వేర్‌రూట్ 1.41421354 వస్తుంది, డబుల్ వేరియబుల్‌లో దాచుకున్నా పోయిన అంకెలు తిరిగి రావు, అసలు విలువ 1.41421356. ఆర్క్‌టాన్ 1.0ని నాలుగుతో గుణించి పై తెచ్చుకునేవాళ్లకూ అంతే. 0.5, 2.0 లాంటివి బైనరీలో కచ్చితంగా ఇముడుతాయి కాబట్టి మామూలు గుణకారాల్లో ఏ నష్టమూ కనిపించదు, అందుకే కోడ్ బాగానే ఉందని నమ్మేస్తాం. 0.1 మాత్రం 0.1000000015 అయి కూర్చుంటుంది.

పరిష్కారం: ఐఎస్ఓ ఫోర్ట్రాన్ ఎన్వ్ మాడ్యూల్ నుంచి రియల్64ని (డబుల్ రకం) డీపీ పేరుతో తెచ్చుకుని ప్రతి దశాంశ స్థిరాంకం చివరా అండర్‌స్కోర్ డీపీ పెట్టండి. తర్వాత, చాలామంది వదిలేసేది, పూర్ణాంకాన్ని మార్చే రియల్ ఫంక్షన్‌కీ, సంకీర్ణ సంఖ్య కట్టే సీఎంపీఎల్ఎక్స్‌కీ కూడా డీపీ ఇవ్వాలి. ముఖ్యంగా రెండోది, రెండు డబుల్ విలువలిచ్చినా డీపీ అడగకపోతే సింగిల్ సంకీర్ణ సంఖ్యే కడుతుంది. జీఫోర్ట్రాన్ కంపైలర్ వాడేవాళ్లు కన్వర్షన్ ఎక్స్‌ట్రా వార్నింగ్ ఆన్ చేసుకుంటే ఇవి చాలావరకు బయటపడతాయి. డిఫాల్ట్ రియల్‌నే 8 బైట్లు చేసే ఆప్షన్ ఉంది కానీ నేను వాడను, అదే కోడ్‌ని ఇంకొకరు ఆ ఆప్షన్ లేకుండా కంపైల్ చేస్తే జబ్బు మళ్లీ మొదటికొస్తుంది.

మిగతావి అరుదు. ఆర్క్‌కొసైన్ నుంచి నాన్ (NaN, అంటే సంఖ్య కాదు) వస్తే విలువ 1ని వెంట్రుకవాసి దాటి ఉంటుంది, మిన్, మాక్స్‌లతో మైనస్ 1కీ 1కీ మధ్య బిగించండి. అర్రేకి సమ్ అని పేరు పెట్టి తర్వాత సమ్ ఫంక్షన్ పనిచేయడం లేదంటే, అర్రే పేరు మార్చండి చాలు.