కరెంటు పోయినా మీటింగ్ తెగకుండా ఇలా చేశాను

మాది తెనాలి దగ్గర పల్లె. హైదరాబాద్ ఆఫీసు పని ఇంటి నుంచే చేస్తున్నాను. ఎండాకాలంలో కరెంటు పోయిన ప్రతిసారీ మీటింగ్ మధ్యలో నెట్ తెగిపోయేది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, ఫ్యాన్ ఆగదు, లైటు ఆరదు. రూటర్ మాత్రం ఆగి మళ్లీ మొదలయ్యేది. నెట్ తిరిగి వచ్చేసరికి రెండు మూడు నిమిషాలు పట్టేది. క్లయింటుతో మాట్లాడేటప్పుడు అది చాలా టెన్షన్.

కారణం ఇన్వర్టర్ బ్యాటరీకి మారే క్షణంలోనే ఉంది. సెకనులో చిన్న భాగమే అయినా, ఆ ఖాళీ చాలు రూటర్ ఆగిపోవడానికి. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది, అది వేస్తే బ్యాటరీకి ఇంకా వేగంగా మారుతుంది. ముందు అది వేసి చూడండి, పైసా ఖర్చు లేదు. మాది పాతది, ఆ స్విచ్ లేదు. అందుకే రూటర్‌కు చిన్న డీసీ యూపీఎస్ కొన్నాను, అంటే కరెంటు పోయినా రూటర్ ఆగకుండా నడిపే చిన్న బ్యాటరీ పెట్టె.

కొనేముందు రూటర్ అడాప్టర్ మీద రాసి ఉన్నది చదవాలి. మాది 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు. కొనే యూపీఎస్ మీద వోల్టులు సరిగ్గా అవే ఉండాలి, ఆంపియర్లు అంతకంటే తగ్గకూడదు, పిన్ కూడా సరిపోవాలి. ఫైబర్ బాక్సు, రూటర్ వేర్వేరుగా ఉంటే రెండింటికీ బ్యాకప్ కావాలి. ఈ సంగతి చాలామంది మర్చిపోతారు.

ఇప్పుడు మా ఇంట్లో కరెంటు పోయిన సంగతి అవతలివాళ్లకు తెలియడం లేదు. కేబుల్ ఆపరేటర్ దగ్గరే సప్లై ఆగిపోతే మాత్రం ఇది పనికిరాదు. అలాంటప్పుడు ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొస్తున్నాను.