ఊరెళ్తూ హైవే మీద కారు ఆగిపోతే ఏం చేయాలి?

బెంగళూరులో ఉండే తెలుగువాళ్లలో చాలామందికి సంక్రాంతికైనా, వేసవి సెలవులకైనా ఊరి దారి ఒకటే. హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కి, దేవనహళ్లి, చిక్కబళ్లాపుర, బాగేపల్లి దాటి, 44వ నంబరు జాతీయ రహదారి మీద అనంతపురం, కర్నూలు వైపు. హైదరాబాద్ దాకా అయితే సుమారు 570 కిలోమీటర్లు. అంత దూరంలో బండి ఎక్కడో ఒకచోట మొరాయించడం వింతేమీ కాదు. బండి చెడితే పోయేది ఒక పూట. అది బాగయ్యేదాకా అమ్మమ్మ, పిల్లలు, సూట్‌కేసులతో సహా ఇంటిల్లిపాదీ ఎండలో దాని పక్కనే కాపలా కూర్చుంటే సెలవులు మొత్తం పోతాయి. కాబట్టి మొదటి నిమిషం నుంచే మనుషుల సంగతి వేరు, బండి సంగతి వేరు అని విడగొట్టి ఆలోచించండి.

ఎర్ర దీపమా, పసుపు దీపమా?

బండి ఉన్నట్టుండి ఆగిపోయేది తక్కువ. చాలాసార్లు ముందే చెబుతుంది, మనమే వినం. స్టీరింగ్ వెనక మీటర్లలో పసుపు దీపం నిలకడగా వెలిగితే నెమ్మదిగా తర్వాతి ఊరి దాకా నడపొచ్చు. ఇంజిన్ బొమ్మ పసుపు రంగులో మిణుకుమిణుకుమంటుంటే వేగం బాగా తగ్గించి, దగ్గర్లో ఆపే చోటు చూసుకోండి. ఎర్ర దీపం అయితే బేరం లేదు, పక్కకు తీయాల్సిందే. ముఖ్యంగా నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగినా, టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి వెళ్లినా, "టోల్ గేటు ఇంకో పది కిలోమీటర్లే కదా" అని లాగించొద్దు. వేల రూపాయల్లో తేలాల్సిన రిపేరు లక్షల్లోకి వెళ్లేది ఆ పది కిలోమీటర్లలోనే.

నడుస్తుండగా ఇంజిన్ ఆగిపోతే బ్రేకూ, స్టీరింగూ రెండూ బరువెక్కుతాయి. పనిచేస్తాయి, కాకపోతే గట్టిగా తొక్కాలి, గట్టిగా తిప్పాలి. బండి పూర్తిగా ఆగేదాకా తాళం తీయకండి, స్టీరింగ్ లాక్ పడిపోతుంది. ఉన్న ఊపుతోనే ఎడమ పక్కన తెల్ల గీత దాటించండి. సర్వీసు రోడ్డో, పెట్రోలు బంకో అందితే ఇంకా మేలు. డివైడర్ పక్కన, మలుపులో, వంతెన మీద మాత్రం ఆపొద్దు.

ముందు మనుషులు

నాలుగు ఇండికేటర్లూ వేసి, అందరినీ ఎడమ తలుపుల నుంచే దించండి. రోడ్డు వారగా ఇనుప రెయిలింగ్ ఉంటే దాని అవతలికి పంపేయండి. ఏసీ ఉంది కదా అని పిల్లల్ని లోపలే కూర్చోబెట్టడం, కారు వెనక నిలబడి ఫోన్ మాట్లాడటం, ఈ రెండూ చాలా ప్రమాదం. హైవే మీద ఆగిన బండిని వెనక నుంచి వచ్చే లారీ గుద్దడం మనం పేపర్లో తరచూ చదివే వార్తే.

డిక్కీలో ఎర్ర త్రికోణం ఉంటుంది. దాన్ని బంపర్ పక్కన పెట్టి లాభం లేదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు 50 మీటర్లను రెండు సెకన్లలోపే దాటేస్తుంది. అంతకంటే వెనక్కి, వీలైతే వంద మీటర్ల దాకా, రోడ్డు అంచునే నడిచి వెళ్లి పెట్టండి. మలుపు ఉంటే మలుపుకు ముందే పెట్టాలి. త్రికోణం లేక రాళ్లో, చెట్టు కొమ్మలో పెడితే, బయలుదేరేటప్పుడు వాటిని తీసేయండి. మన వాళ్లు రాళ్లు పెట్టడంలో చూపే శ్రద్ధ తీయడంలో చూపరు, ఆ రాత్రి దాని మీదికి ఇంకొకరెవరో ఎక్కుతారు.

ఎవరికి ఫోన్ చేయాలి?

జాతీయ రహదారి మీద అయితే 1033కి చేయండి, పగలైనా రాత్రైనా పలుకుతుంది. ఎవరికైనా దెబ్బ తగిలితే 108, ఇతర అత్యవసరాలకు 112. "ఎక్కడున్నారు?" అన్న ప్రశ్న దగ్గరే అందరూ తడబడతారు. రోడ్డు పక్కన పైభాగం పసుపు రంగులో ఉండే కిలోమీటరు రాయి చూసి అంకె చెప్పండి, బెంగళూరు వైపు వెళ్తున్నారో హైదరాబాద్ వైపో కూడా చెప్పండి. 1033 వాళ్లు పంపే క్రేన్ పని రోడ్డు ఖాళీ చేయించడం. అది మీకు నచ్చిన షెడ్డు దాకా తీసుకెళ్తుందని ఆశపెట్టుకోవద్దు.

ఆ తర్వాత ఇన్సూరెన్స్ పాలసీ తీసి రోడ్‌సైడ్ అసిస్టెన్స్, అంటే దారిలో బండి చెడితే సాయం పంపే సేవ, ఉందో లేదో చూడండి. కొత్త బండి అయితే కంపెనీదే ఉండొచ్చు. రెండు ప్రశ్నలు అడగండి: టోయింగ్ (చెడిన బండిని తీసుకెళ్లడం) ఎన్ని కిలోమీటర్ల దాకా ఉచితం, తీసుకెళ్లే బండి ఎంతసేపట్లో వస్తుంది. వాళ్ల నంబరు ఫోన్‌లోని పాలసీలో ఉంటే చాలదు, సిగ్నల్ లేనిచోట పాలసీ తెరుచుకోదు. కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డులో పెట్టుకోవాలి.

బానెట్ ఎత్తే ముందు

ఈ దారిలో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది వేడి. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న చల్లటి ఊరు. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కాస్త తగ్గినా, రేడియేటర్ ఫ్యాన్ బలహీనపడినా అక్కడ బయటపడదు. బాగేపల్లి దిగి, అనంతపురం ఎండలో ఏసీ వేసుకుని, ఐదుగురు మనుషులు, నిండు డిక్కీతో పరిగెత్తించేసరికి దాచుకున్న జబ్బంతా బయటికొస్తుంది.

ముల్లు పైకి పోతుంటే ముందు ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తి వేడి మీద పెట్టి బ్లోయర్ తిప్పండి. మే నెలలో హీటరేమిటని ఇంట్లో గొడవ చేస్తారు, చేయనివ్వండి. ఇంజిన్ వేడి కొంత లోపలికి వచ్చేస్తుంది, బండిని పక్కకు తీసే వ్యవధి దొరుకుతుంది. ఆపాక ఆవిరి కనిపిస్తుంటే బానెట్ జోలికి పోవద్దు. ఆవిరి తగ్గాక ఎత్తండి. రేడియేటర్ మూత మాత్రం తిప్పకండి. ఆవిరి పోకముందే కుక్కర్ మూత తీస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది, మరిగే నీళ్లు ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. ముప్పావు గంటైనా ఆగి, మూత మీద మందపాటి గుడ్డ వేసి, కొద్దిగా తిప్పి, బుస్సుమనే చప్పుడు ఆగాక పూర్తిగా తీయాలి. అప్పటికి ఇంజిన్ చల్లబడి ఉంటే మామూలు నీళ్లు పోసినా షెడ్డు దాకా వెళ్లొచ్చు. వేడి ఇంజిన్‌లో చల్లటి నీళ్లు పోస్తే ఇంజిన్ పైభాగం (హెడ్) పగిలే ప్రమాదం ఉంది. పోసిన నీళ్లు పోసినట్టే కింద కారిపోతుంటే పైపు చిట్లినట్టు, ఇక స్టార్ట్ చేయొద్దు. ఎర్ర బ్యాటరీ దీపం కూడా వెలిగి ఉంటే బెల్టు తెగిందేమో చూడండి.

సెల్ఫ్ కొడితే టక్ టక్ మని ఊరుకుంటే బ్యాటరీ. జంపర్ కేబుల్ ఉంటే ఇంకో బండి బ్యాటరీ ప్లస్ నుంచి మన బ్యాటరీ ప్లస్‌కు వేసి, ఆ బండి మైనస్‌ను మాత్రం ఆగిన బండిలో రంగు లేని ఇనుప భాగానికి తగిలించాలి. గేర్ల పెట్రోలు బండినైతే తోసి సెకండ్ గేర్‌లో స్టార్ట్ చేయొచ్చు, ఆటోమేటిక్‌తో ఆ ప్రయత్నం వద్దు.

టైరు పంక్చరైతే సమతలంగా, గట్టిగా ఉన్న నేల చూసుకోండి. హ్యాండ్ బ్రేక్ వేసి, వేరే చక్రానికి రాయి అడ్డుపెట్టి, జాకీ ఎత్తక ముందే నట్లు కొంచెం వదులు చేయాలి. ఎత్తాక వదులు చేయబోతే చక్రం తిరుగుతుంది, బండి జారుతుంది. కుడి వైపు టైరు, అదీ ట్రాఫిక్ పక్కనే అయితే మీరు పూనుకోకండి. రిమ్ము పోతే పోయింది, నెమ్మదిగా సర్వీసు రోడ్డు దాకా నడిపించండి.

ఎవరు వెళ్లాలి, ఎవరు ఉండాలి?

ఇంట్లో పెద్ద గొడవయ్యేది ఇక్కడే. "అందరం కలిసే వెళ్దాం" అనే మాట ప్రేమతోనే వస్తుంది, కానీ మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యకు అది శిక్ష. మెకానిక్ వచ్చాడా లేదా అన్నది కాదు, కారణం తెలిసిందా అన్నది చూడండి. గంటన్నరలో కారణం తేలకపోయినా, "ఇంజిన్ విప్పాలి" అన్న మాట వినపడినా, పెద్దవాళ్లనూ పిల్లలనూ పంపించేయండి. డ్రైవింగ్ తెలిసినవాళ్లు ఒకరు, తోడు ఇంకొకరు బండితో ఉంటే చాలు.

పంపాలంటే పెనుకొండ, ధర్మవరం, అనంతపురంలో రైల్వే స్టేషన్లు ఉన్నాయి. అనంతపురం బస్టాండు నుంచి కర్నూలు, హైదరాబాద్, తిరుపతి వైపు ఆర్టీసీ బస్సులు ఉంటాయి. టాక్సీ మాట్లాడితే సరిహద్దు ఏ వైపుదో చూసుకుని, పక్క రాష్ట్రం పర్మిట్ ఉందా అని ముందే అడగండి. వెళ్లేవాళ్ల చేతికి మందులు, నగల సంచి, ఛార్జర్, కొంత నగదు ఇవ్వండి. నగల సంచి బండితో పాటు షెడ్డుకు వెళ్లకూడదు.

టోయింగ్, షెడ్డు

ఆటోమేటిక్ కారైనా, ఎలక్ట్రిక్ కారైనా మొత్తం బండిని పైకెక్కించుకునే లారీనే అడగండి. చక్రాలు నేల మీద దొర్లుతుండగా లాగితే గేర్‌బాక్సో, మోటారో పాడవుతుంది. ఎక్కించే ముందు నాలుగు వైపులా, కిలోమీటర్ల రీడింగ్‌కు ఫొటోలు తీసుకోండి. ప్రైవేటు టోయింగ్ అయితే కిలోమీటరుకు ఎంత, వెళ్లిరావడం కలిపా, ఎక్కించడానికి వేరేగానా అన్నీ తాడు కట్టక ముందే తేల్చుకోవాలి. కట్టాక బేరం వాళ్ల చేతిలోకి పోతుంది. బాగేపల్లి చుట్టుపక్కల షెడ్లలో తెలుగు బాగానే నడుస్తుంది, కన్నడ రాదనే టెన్షన్ అక్కర్లేదు.

పంక్చర్, బెల్టు, పైపు, బ్యాటరీ, ఫ్యూజు లాంటివి రోడ్డు పక్క షెడ్డులో చేయించుకోవచ్చు. ఆ పనుల్లో వాళ్ల చెయ్యి చాలాసార్లు కంపెనీ సర్వీసు కంటే చురుకు. ఇంజిన్, గేర్‌బాక్స్, సెన్సార్ల పని మాత్రం అక్కడ వద్దు, అనంతపురమో కర్నూలో పంపండి. పండగ రోజైతే సర్వీసు సెంటర్ తెరిచి ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కున్నాకే పంపాలి. మార్చిన పాత భాగాన్ని అడిగి తీసుకోండి. అడుగుతారని తెలిస్తే అనవసరంగా మార్చరు.

బండి చేతికొచ్చాక వెంటనే హైవే ఎక్కకండి. ఏసీ వేసి, కాసేపు ఊరి చుట్టూ తిప్పి, ముల్లు ఎక్కడుందో చూసి, ఆపి కింద నీళ్లో ఆయిలో కారుతోందేమో చూడండి. డబ్బులు ఆ తర్వాతే ఇవ్వండి. బిల్లు మీద బండి నంబరు, మార్చిన భాగాల పేర్లు రాయించుకోండి. నెల తిరక్కముందే అదే జబ్బు మళ్లీ వస్తే మాట్లాడటానికి ఆ కాగితమే ఆధారం.