అక్క ముక్కు పెద్దగొచ్చింది, గుట్టేమో చిన్నగైంది: ఎట్ల సెట్ చేసిన్నంటే

మొన్న నల్లగొండల మా అక్కను ఎనకాల లతీఫ్ సాహెబ్ గుట్ట కనవడేటట్టు నిలవెట్టి ఫోటో తీసిన, కెమెరాతోని వచ్చే 18-55 ఎంఎం కిట్ లెన్సు, జూమ్ చెయ్యకుండ 18 కాడ పెట్టి రెండడుగుల దూరంకెళ్లి కొట్టిన, చూస్తే ముక్కు ముందుకొచ్చింది, చెవులు ఎనక్కి పోయినయ్, గంత పెద్ద గుట్ట మట్టికుప్ప లెక్క అయింది. లెన్సు ఖరాబైందనుకున్న.

కాదు, నేను మరీ దగ్గరున్న. ఆరడుగుల దూరానికి ఎనక్కి జరిగి 55కి జూమ్ చేసిన, అక్క ఫ్రేముల అంతే సైజు ఉంది, ముఖం మాత్రం మంచిగొచ్చింది. ముఖం షేపు మారేది మనం నిలవడ్డ దూరంతోని, లెన్సు మీది ఎంఎం నంబరుతోని కాదు. ముక్కుకు చెవులకు మధ్యల ఉన్న నాలుగైదు ఇంచులు రెండడుగుల కాడ శాన తేడా కొడ్తయ్, ఆరడుగుల కాడ అంత తెల్వదు. గుట్ట ఎట్లైనా దూరమే గదా, జూమ్ చేసేసరికి మూడింతలు పెద్దగైంది.

గా ఫోటోనే అక్క ఫ్రేమ్ కట్టిచ్చుకుంది, నాకు శాన సంబురమైంది.