మతిమరుపు ఉన్న పెద్దలతో ముచ్చట – 4వ పాఠం: ‘గుర్తుందా?’ అనకుండా అడగడం

పోయిన పాఠంలో కుర్చీలు గుండ్రంగా వేయడం, కళ్లద్దాలు, వినికిడి మిషన్లు సరిచూడడం, గుంపుకు వాళ్ల చేతనే ఒక పేరు పెట్టించడం నేర్చుకున్నాం. ఐదు నుంచి ఎనిమిది మంది పెద్దలు, నడిపేవాళ్లు ఇద్దరు. ఇక ప్రశ్న అడిగే తీరు.

హనుమకొండలో మొదటిసారి ఇలా కూర్చోబెట్టినప్పుడు ఒక అవ్వను ‘ఇవాళ ఏ వారం?’ అని అడిగాను. ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూ కోడలి వైపు చూసింది. ఆ తర్వాత ముప్పావు గంట నోరు విప్పలేదు. ఆ చూపు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

వారం, తేదీ, పొద్దున ఏం తిన్నారు అన్నవే ఈ మతిమరుపు జబ్బులో (డిమెన్షియా) చాలామందికి ముందు జారిపోతాయి. ఇష్టాయిష్టాలు, చేతికి అలవాటైన పని మాత్రం చాలాకాలం ఉంటాయి. అందుకే జవాబు తప్పు కావడానికి వీల్లేని ప్రశ్న అడగాలి. వారం, నెల, ఎండో వానో మీరే బోర్డు మీద రాసి అందరితో కలిసి చదవండి.

ఇలా గుంపుగా కూర్చుని, ముచ్చటతో, చేతిపనితో ఆలోచనకు పని పెట్టే ఈ పద్ధతిని కాగ్నిటివ్ స్టిమ్యులేషన్ థెరపీ అంటారు. పరిశోధకురాలు ఎయిమీ స్పెక్టర్ బృందం బ్రిటన్‌లో 201 మంది మీద పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించింది: వారానికి రెండుసార్లు, 7 వారాలు, మొత్తం 14 సార్లు, ఒక్కోసారి 45 నిమిషాలు. జబ్బును నయం చేయదు. తొలి, మధ్య దశల్లో ఉన్నవాళ్ల ఆలోచన, మాట కాస్త మెరుగుపడతాయి. చెన్నైలో దీన్ని తమిళులకు తగ్గట్టు మార్చుకున్నారు. మనం మన ఇళ్లకు తగ్గట్టు మార్చుకుందాం.

ఈ వారం ముచ్చటకు సకినాలు తీసుకోండి. బల్ల మీద తెల్లబట్ట పరిచి, నువ్వులు, ఓమ కలిపిన తడి బియ్యప్పిండి గిన్నె పెట్టండి. ఏమీ అడగకుండా ముందు మీరే ఒకటి చుట్టడం మొదలుపెట్టండి. బాగా రాకపోతే మరీ మంచిది. నా గుంపులో అదే అవ్వ నా చేతిలోని పిండి లాక్కున్నది. బొటనవేలు, చూపుడువేలు మధ్య పిండిని మెలేస్తూ చుట్టు మీద చుట్టు, ఎక్కడా తెగకుండా మూడు చుట్లు వేసింది. ‘నువ్వులు తక్కువున్నయి బిడ్డా’ అన్నది. పక్కన కూర్చున్న బాపు ‘మా ఇంట్ల గింత లావు చెయ్యరు’ అన్నాడు. ఇంక నేను అడగాల్సిన పనే లేకపోయింది.

అడగాల్సి వస్తే ఇలా అడగండి: ‘అవ్వా, సన్నగా చుడితే బాగుంటదా, లావుగానా?’ ‘బాపూ, సంక్రాంతికి సకినాలు బాగుంటయా, గారెలా?’ రెండూ చూపించి అడిగితే ఇంకా తేలిక. మాట రాకుంటే చేతితో చూపిస్తారు. జవాబు కోసం మనసులో పది లెక్కపెట్టండి. ఆలోపు పక్కవాళ్లను అందుకోనీయకండి. మన ఇళ్లల్లో ఇదే కష్టం, ప్రేమకొద్దీ అందరం జవాబు అందిస్తాం.

ఎప్పుడో పోయిన తల్లి గురించి ‘మా అమ్మ వస్తది, పిండి తడపాలె’ అంటే? ‘అమ్మ లేదు కదా’ అనకండి. ‘వస్తది’ అని నమ్మబలకకండి. ‘మీ అమ్మ సకినాలు మస్తు చేసేదేమో?’ అని ముచ్చటలోకి రండి.

నూనె పొయ్యి అక్కడ వద్దు. సకినం గట్టిది, మింగడం కష్టమైనవాళ్లకు ఇవ్వకండి. ఇంటివాళ్లను ముందే అడిగి తెలుసుకోండి.

మీ అభ్యాసం: ఒక రోజంతా ఇంట్లో మీ నోట ‘గుర్తుందా’, ‘ఇప్పుడే చెప్పిన కదా’ ఎన్నిసార్లు వచ్చాయో రాసుకోండి. ఒక్కో దాని పక్కన అదే సంగతిని ఇష్టం అడిగే ప్రశ్నగా మార్చి రాయండి. కనీసం ఐదు.

వచ్చే పాఠం డబ్బు గురించి. పెట్టె అడుగున పాత అణా బిళ్ల గానీ, నిజాం కాలం హాలీ సిక్కా గానీ ఉంటే తీసి పెట్టండి. తోమి మెరిపించకండి, అలాగే ఉండనివ్వండి.