స్టీమ్ వాల్వ్ గ్లాండ్ దగ్గర లీకా? ప్యాకింగ్ ఇలా మార్చాలి

చక్రం కింద, స్పిండిల్ (చక్రం కదిలించే కడ్డీ) బయటికొచ్చే చోట ఆవిరి లేస్తుంటే చాలామంది వెంటనే స్పానర్ తెచ్చి గ్లాండ్ (స్పిండిల్ చుట్టూ ఆవిరిని ఆపే ప్యాకింగ్ రింగులను పైనుంచి నొక్కే మూత) నట్లు బిగించేస్తారు. ఒక్కోసారి ఆగుతుంది కూడా. రెండు నట్లనూ మార్చి మార్చి, ఒక్కో పలక (నట్టు ఆరు ముఖాల్లో ఒకటి, అంటే ఆరో వంతు చుట్టు) చొప్పున బిగించి చూడండి. బోల్టులు తుప్పు పట్టి ఉంటే మాత్రం ఒత్తిడి ఉండగా ముట్టుకోవద్దు. గ్లాండ్ ఇప్పటికే అడుగుదాకా దిగిపోతే బిగించి లాభం లేదు, ప్యాకింగ్ మార్చాల్సిందే.

ముందు లైన్ మూసి, తాళం వేసి, డ్రెయిన్ తెరవండి. గేజ్ సున్నా చూపిస్తోంది కదా అని నమ్మకండి, అది పాడై కూడా ఉండొచ్చు. గేట్ వాల్వ్‌ను పూర్తిగా తెరిస్తే లోపల బ్యాక్ సీట్ (స్పిండిల్ పైకొచ్చి ఆనుకునే అంచు) ఆవిరిని ఆపేస్తుంది, లైన్ నడుస్తుండగానే మార్చేయొచ్చు అనే సీనియర్లు కొందరుంటారు. ఆ ధైర్యం మీకొద్దు.

వాల్వ్ చల్లారాక గ్లాండ్ పైకెత్తి, హుక్‌తో పాత రింగులన్నీ లాగేయండి. అన్నీ అంటే అన్నీ. పైన ఒక కొత్త రింగు పెట్టి మూసేయడం మనవాళ్లకు బాగా అలవాటు. కింద గట్టిపడిపోయిన రింగులు అలాగే ఉంటాయి కాబట్టి లీకు మళ్లీ వస్తుంది. పాత ప్లాంటుల్లో ఆ ప్యాకింగ్ ఆస్బెస్టాస్ కావచ్చు, దాని దుమ్ము ప్రమాదం, పొడిగా గీకకండి.

ఇప్పుడు స్పిండిల్ మీద గోరు నడపండి. ఎక్కడైనా గోరు తట్టుకుంటే ఆ గీత కొత్త ప్యాకింగ్‌నూ చీరేస్తుంది, ముందు దాని సంగతి చూడాలి.

సైజుకు లెక్క తేలికే. ప్యాకింగ్ కూర్చునే బాక్స్ లోపలి వ్యాసం 36 మి.మీ., స్పిండిల్ 20 మి.మీ. అయితే తేడా 16. అందులో సగం, అంటే 8 మి.మీ. ప్యాకింగ్ కావాలి. ఆవిరికి గ్రాఫైట్ తీసుకోండి. టెఫ్లాన్ 260 డిగ్రీలు దాటితే పనికిరాదు. స్పిండిల్ అంత లావున్న రాడ్‌కు ప్యాకింగ్ తాడు చుట్టి 45 డిగ్రీల ఏటవాలుగా కోయండి. ఒక్కో రింగు పెట్టగానే దాన్ని అడుగుకు నొక్కాలి. ఒకదాని అతుకు మీద ఇంకో అతుకు రాకుండా 90 డిగ్రీలు జరుపుతూ పోండి. మామూలుగా ఐదు రింగులు చాలు.

గ్లాండ్ బిగించి, వాల్వ్‌ను నాలుగైదుసార్లు తెరిచి మూయండి. ప్యాకింగ్ సర్దుకుని నట్లు కాస్త వదులవుతాయి, మళ్లీ బిగించండి. చక్రం చేత్తో తిరగనంత గట్టిగా మాత్రం వద్దు. ఆ తర్వాత ఆవిరిని మెల్లగా వదలండి.

ఇంకా ఒక వైపే కారుతోందా? గ్లాండ్ వంకరగా దిగిందేమో చూడండి. అది సరిగ్గానే ఉంటే స్పిండిలే వంగి ఉండొచ్చు.