ఎంబీబీఎస్ దరఖాస్తుల పనిని ఎలా సర్దుకోవాలి? తొమ్మిదో తరగతి నుంచి కాలేజీలో చేరే రిపోర్టింగ్ రోజు దాకా

మా అమ్మాయికి నీట్‌లో మంచి ర్యాంకు వచ్చిన రోజు వీధంతా స్వీట్లు పంచాం. నాలుగో రోజు కాగితాలు ముందేసుకుని కూర్చుంటే అసలు సంగతి బయటపడింది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది, కుల ధ్రువీకరణ పత్రంలో తండ్రి పేరు, అంటే నా పేరే, తప్పుగా పడింది. రిజిస్ట్రేషన్‌కు వారం గడువు. ఆ వారమంతా తహసీల్దార్ కార్యాలయం ఎదుట వేపచెట్టు కింద గడిచింది. రెండేళ్ల తర్వాత మా చెల్లెలి కొడుకు వంతు వచ్చినప్పుడు ఇదే పనిని జనవరిలో మొదలుపెట్టాం. మీసేవ కేంద్రానికి రెండుసార్లు వెళ్లివచ్చాం, అంతే.

పరీక్షకు చదవడం పిల్లల పని. కాగితం, గడువు, డబ్బు పెద్దల పని. ఇంట్లో ఈ పంపకం ముందే జరిగిపోవాలి. పుస్తకం ముందు కూర్చున్న పిల్లను లేపి "ఓటీపీ వచ్చిందా చూడమ్మా" అనే పరిస్థితి రాకూడదు. కింద చెప్పేవి మన రెండు రాష్ట్రాల విద్యార్థులకు పనికొచ్చే మెట్లు. నిబంధనల్లో ఏటా ఏదో ఒకటి మారుతుంది కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్‌ను పక్కన పెట్టుకునే చదవండి.

మొదటి మెట్టు: తొమ్మిదో తరగతిలోనే స్థానికత చూసుకోండి

ఇది ఆలస్యంగా తెలిస్తే దిద్దుకునే వీలుండదు, అందుకే ముందు చెబుతున్నాను. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో ఇచ్చిన 33వ నంబరు జీవో ప్రకారం, కన్వీనర్ కోటాలో, అంటే ఆరోగ్య విశ్వవిద్యాలయం ర్యాంకు మీద నింపే రాష్ట్ర సీట్లలో, స్థానిక అభ్యర్థి కావాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలోనే చదివి, ఇంటర్ ఇక్కడే పాసై ఉండాలి. కోర్టుల్లో చాలా వాదన జరిగాక 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది. ఖమ్మం పిల్లవాడిని పేరున్న కాలేజీ అని విజయవాడ హాస్టల్లో వేసే అలవాటు మనకు పాతదే. పుట్టింది ఖమ్మంలోనే అయినా, ఆ రెండేళ్ల ఇంటర్ స్థానికతకు అడ్డం పడుతుంది. ప్రభుత్వోద్యోగుల పిల్లలు వంటి కొందరికి మినహాయింపుల సంగతి విడిగా ఉంటుంది. మీకు వర్తిస్తుందో లేదో జీవో తెచ్చుకుని చదవాలి, ఎవరో చెప్పిన మాట మీద నడవకూడదు.

ఆంధ్రప్రదేశ్‌లో స్థానికతను ఆంధ్రా యూనివర్సిటీ, శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతాలుగా లెక్కిస్తారు. రాయలసీమ పాత నాలుగు జిల్లాలతో పాటు నెల్లూరు కూడా రెండో దానిలోకి వస్తుంది. కోస్తాలో మిగతావి మొదటి దానిలోకి వస్తాయి. కడప పిల్ల గుంటూరులో ఇంటర్ చదవబోతుంటే ఇది గుర్తు పెట్టుకోవాలి.

ఏ రాష్ట్రమైనా సరే, బడి మారిన ప్రతిసారీ ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్ తీసి ఫైలులో పెట్టండి. మూతపడిన బడి నుంచి ఆరేళ్ల తర్వాత సర్టిఫికెట్ రాబట్టడం ఎంత కష్టమో ఒకసారి పడినవారికే తెలుస్తుంది.

రెండో మెట్టు: జనవరిలో పేర్లు సరిచేయించండి, ఫిబ్రవరిలో ఫారం నింపండి

2025లో నీట్ దరఖాస్తులు ఫిబ్రవరి 7 నుంచి మార్చి 7 వరకు తీసుకున్నారు. అదే సమయంలో ఇంటర్ ప్రాక్టికల్స్, ఆ వెంటనే థియరీ పరీక్షలు. అందుకే జనవరిలోనే పదో తరగతి మెమోను ముందు పెట్టుకుని మిగతా అన్ని పత్రాల్లోని పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ దానితో అక్షరం అక్షరం పోల్చి చూడాలి. తేడా ఉంటే మెమోకు తగ్గట్టు ఆధార్‌ను, కుల పత్రాన్ని దిద్దించాలి. మెమోనే దిద్దించబోతే నెలలు పడుతుంది.

ఫారంలో మనవాళ్లు ఎక్కువగా తడబడేది కేటగిరీ దగ్గర. మన దగ్గర బీసీ అయినంత మాత్రాన కేంద్రం దృష్టిలో ఓబీసీ కానక్కర లేదు. రాష్ట్ర బీసీ జాబితాలోని కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు, ఉన్నా కుటుంబం క్రీమీలేయర్ (సంపన్న శ్రేణి) పరిమితి దాటకూడదు. నీట్ ఫారంలో అడిగేది కేంద్ర కేటగిరీ. రాష్ట్ర కౌన్సెలింగ్‌లో, అంటే సీట్లు కేటాయించేటప్పుడు, బీసీ-ఏ, బీసీ-డి వంటి వర్గం వేరుగా చూపించుకోవచ్చు, కాబట్టి ఇక్కడ జనరల్ అని రాసినందుకు అక్కడేమీ పోదు.

ఇంకో చిన్న విషయం ఫోటో. ఫారంలో ఏ ఫోటో ఎక్కించారో అదే ఫోటో చివరిదాకా అడుగుతారు. ఆ రోజే పాస్‌పోర్టు సైజువి రెండు డజన్లు, పోస్టుకార్డు సైజువి నాలుగు ప్రింట్లు వేయించి, సాఫ్ట్ కాపీ కూడా తీసుకోండి. ఫోను నంబరు, ఈమెయిల్ సొంతవే ఇవ్వండి. ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయి తన మెయిల్ ఇచ్చి పని కానిచ్చేస్తానంటాడు, ఒప్పుకోవద్దు. ఆగస్టులో పాస్‌వర్డ్ కోసం అతన్ని వెతుక్కోవలసి వస్తుంది.

మూడో మెట్టు: ఏప్రిల్ ఒకటి దాటాక ఆదాయానికి సంబంధించిన పత్రాలు

ఈడబ్ల్యూఎస్ (ఇతర రిజర్వేషన్ లేని, ఆర్థికంగా వెనుకబడిన కుటుంబాల) సర్టిఫికెట్ ఆర్థిక సంవత్సరం లెక్కన చెల్లుతుంది. ఫిబ్రవరిలో తీసుకున్నది జులైలో పనికిరాదు. ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం కూడా కొత్తదే ఉండటం మేలు, అదీ కేంద్రం ఇచ్చిన నమూనాలో ఉండాలి. తెలంగాణలో మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాల్లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఏప్రిల్ మొదటి రెండు వారాల్లో పెడితే రద్దీ తక్కువ. ఫలితాలు వచ్చాక జిల్లా అంతా ఒకేసారి వస్తుంది.

సైనికుల పిల్లలు, ఎన్‌సీసీ, క్రీడలు, దివ్యాంగుల కోటా ఉన్నవారికి విడిగా పరిశీలన ఉంటుంది. ఆ తేదీలు వేరు, ఒక్కోసారి విశ్వవిద్యాలయానికి స్వయంగా వెళ్లవలసి ఉంటుంది.

నాలుగో మెట్టు: పరీక్షకూ ఫలితానికీ మధ్య ఒక నోటుపుస్తకం

నీట్ సాధారణంగా మే మొదటి ఆదివారం నాడు ఉంటుంది. 2025లో మే 4న రాశారు, ఫలితాలు జూన్ 14న వచ్చాయి. పిల్లలకు ఒక వారం పూర్తి విశ్రాంతి ఇవ్వండి. ఆ తర్వాత ఒక పొడుగు నోటుపుస్తకం తీసి, పిల్లతో కలిసి కాలేజీల పట్టిక మొదలుపెట్టండి.

కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం, డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం రెండూ సీట్ల కేటాయింపు జాబితాలను వెబ్‌సైట్లో పెడతాయి. అందులో మీ వర్గానికి, మీ స్థానిక ప్రాంతానికి, అబ్బాయో అమ్మాయో చూసుకుని ప్రతి కాలేజీలో చివరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందో రాసుకోండి. పక్క గడుల్లో ఏడాది ఫీజు, ఇంటినుంచి ప్రయాణ సమయం, హాస్టల్, కాలేజీ ఏ సంవత్సరంలో మొదలైందీ, అనుబంధ ఆసుపత్రిలో రోగుల తాకిడి ఎలా ఉందీ. తెలంగాణలో ప్రభుత్వ వైద్య కళాశాలలే ముప్పై దాటాయి, ఈ పట్టికకు తీరిగ్గా పది సాయంత్రాలు పడుతుంది. గడువు రోజుల్లో చేయగలిగే పని కాదిది. మార్కుల్ని కాకుండా ర్యాంకును పోల్చండి. పేపరు కష్టాన్ని బట్టి మార్కులు ఏటా పైకీ కిందికీ ఊగుతాయి.

తేదీలు తప్పినా కంగారు పడకండి. 2024లో ఫలితాలు జూన్ 4నే వచ్చినా, ప్రశ్నపత్రం లీకు వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లడంతో కేంద్ర కౌన్సెలింగ్ ఆగస్టు మధ్యలో గానీ మొదలుకాలేదు. 2021లో పరీక్షే సెప్టెంబరులో జరిగింది. ఆగస్టులో తిరుపతి టికెట్లు ముందే కొని పెట్టుకుంటే మటుకు చిక్కే.

ఐదో మెట్టు: మూడు దారులు, మూడు గడువులు

మొదటిది అఖిల భారత కోటా. దేశంలోని ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లు, ఎయిమ్స్, జిప్‌మర్ వంటి కేంద్ర సంస్థలు, డీమ్డ్ విశ్వవిద్యాలయాలు (విశ్వవిద్యాలయ హోదా పొందిన విద్యాసంస్థలు) దీని కిందికి వస్తాయి, కేంద్రం తరఫున మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ) నిర్వహిస్తుంది. రెండోది రాష్ట్ర కన్వీనర్ కోటా. మూడోది ప్రైవేటు కాలేజీల యాజమాన్య కోటా, అంటే బి కేటగిరీ వంటి మేనేజ్‌మెంట్ సీట్లు. దీనికి కూడా ఆరోగ్య విశ్వవిద్యాలయమే నోటిఫికేషన్ ఇస్తుంది, కానీ రిజిస్ట్రేషన్ వేరు. కన్వీనర్ కోటాకు చేశాం కదా, బి కేటగిరీకి కూడా సరిపోతుందిలే అనుకుని అవకాశం పోగొట్టుకున్న కుటుంబం మా కాలనీలోనే ఉంది.

2025లో కేంద్రం, రెండు రాష్ట్రాలు జులైలోనే కొద్ది రోజుల తేడాతో రిజిస్ట్రేషన్లు తెరిచాయి. అందుకే గోడమీద పెద్ద క్యాలెండర్ ఒకటి పెట్టి మూడు రంగుల పెన్నులతో గడువులు రాయండి. గడువు తేదీకి రెండు రోజుల ముందు గడిలో రాసుకోవడం మా ఇంటి పద్ధతి. చివరి రాత్రి సర్వర్ మొరాయిస్తుందని వేరే చెప్పనక్కర లేదు. వాట్సాప్‌లో తిరిగే తేదీలను నమ్మకుండా రోజుకొకసారి, రాత్రి భోజనం అయ్యాక, అధికారిక వెబ్‌సైట్లు మూడూ ఒకరే తెరిచి చూడాలి. అందరూ చూస్తే ఎవరూ చూడరు.

డబ్బు సంగతి. ఎంసీసీలో అఖిల భారత కోటాకు జనరల్ అభ్యర్థి వెనక్కి వచ్చే డిపాజిట్‌గా 10,000 రూపాయలు కడతారు, రిజర్వుడు వర్గాలవారు 5,000. డీమ్డ్ కావాలంటే అది 2 లక్షలు. ఏ ఖాతా నుంచి కట్టారో ఆ ఖాతాకే తిరిగి వస్తుంది, కాబట్టి ఇతరుల కార్డుతో కట్టవద్దు. మీ కార్డు రోజువారీ పరిమితిని బ్యాంకుకు వెళ్లి ముందే పెంచుకోండి.

ఆరో మెట్టు: వెబ్ ఆప్షన్లు

కావలసిన కాలేజీలను వరుసగా ఆన్‌లైన్‌లో రాసిచ్చేది ఇక్కడే. తొందర పడకండి. కంప్యూటర్ చేసే పని చాలా సరళం. ర్యాంకు ప్రకారం మీ వంతు రాగానే, మీ జాబితాను పైనుంచి కిందికి చదువుతుంది. మీకు అర్హత ఉండి సీటు ఖాళీ ఉన్న మొదటి కాలేజీ దగ్గర ఆగుతుంది. అంటే పైన గాంధీ, ఉస్మానియా రాసినందువల్ల కింద రాసిన సిద్దిపేట సీటుకు నష్టమేమీ లేదు. "మనకు వచ్చేది అదే కదా" అని సిద్దిపేటను మొదట పెడితే మాత్రం, పై కాలేజీలో సీటు మిగిలి ఉన్నా మీకు రాదు. వస్తుందా రాదా అన్న లెక్క వదిలేసి, ఇష్టం వరుసలోనే రాయండి.

రెండో రౌండు దగ్గర ఈ సూత్రమే తిరగబడి కొడుతుంది. సూర్యాపేటలో ఇల్లున్న పిల్లకు మొదటి రౌండులో నల్లగొండ వచ్చిందనుకుందాం. గాంధీ, ఉస్మానియా, కాకతీయలో ఏదైనా వస్తే మారాలని ఆశ. పాత జాబితానే మళ్లీ దించేస్తే, దాని అడుగున ఎక్కడో ఆసిఫాబాద్ కూడా ఉంటుంది. పై మూడూ రాకపోతే కంప్యూటర్ కిందికి జారుతూ పోయి ఆసిఫాబాద్ ఇస్తుంది. కొత్త సీటు రాగానే నల్లగొండ సీటు రద్దవుతుంది. ఇంటికి దగ్గరి కాలేజీ పోయి, బొగ్గుగనులు దాటి అవతలి కొసకు వెళ్లవలసి వస్తుంది. రెండో రౌండులో ఇప్పుడున్న సీటుకన్నా నిజంగా మెరుగనుకున్నవి మాత్రమే రాయాలి. అలాంటివి మూడే ఉంటే మూడే రాయాలి.

మొదట కాగితం మీద రాయండి. కాలేజీ కోడు పక్కన పేరు రాసి, ఒకరు చదువుతుంటే మరొకరు టైప్ చేయాలి. ఊరి పేరు ఒకటే అయిన ప్రభుత్వ, ప్రైవేటు కాలేజీలు ఉంటాయి, కోడు చూడకుండా నొక్కితే లక్షల తేడా. సేవ్ చేశాక ప్రింటు తీసి, మర్నాడు పొద్దున ఇంకోసారి చదవండి. నిద్రపోయి లేచిన కళ్లకు తప్పులు కనిపిస్తాయి.

ఏడో మెట్టు: వచ్చిన సీటును వదులుకోవాలంటే

ఎంసీసీ మొదటి రౌండులో వచ్చిన సీటులో చేరకపోయినా నష్టం ఉండదు. రెండో రౌండులో చేరకపోతే డిపాజిట్ పోతుంది. మూడో రౌండు, ఆ తర్వాత మిగిలిన సీట్లకు జరిగే స్ట్రే రౌండులో నిబంధనలు ఇంకా బిగుసుకుంటాయి. రాష్ట్రాల్లో కూడా అదే వెసులుబాటు ఉంటుందని అనుకోకండి. చేరకపోతే తర్వాతి విడతకు అర్హత ఉంటుందా, కోర్సు మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్న రెండు పేరాలను నోటిఫికేషన్‌లో వెతికి, పెన్సిలుతో గీత గీసి పెట్టుకోండి.

వేరే రాష్ట్రంలో చేరితే ఒరిజినల్ సర్టిఫికెట్లు అక్కడే ఉండిపోతాయి. ఇక్కడ సొంత రాష్ట్రంలో సీటు వచ్చిన నాడు అవి చేతిలో ఉండవు. అంత దూరం రైలెక్కే ముందే, ఇక్కడ రాబోయే రౌండు కోసం ఆగాలా వద్దా అన్నది ఇంట్లో తేల్చుకోవాలి. ఈ మాటల మధ్యలోనే ఎవరో ఒకరు ఫోను చేసి ఫలానా కాలేజీలో సీటు ఇప్పిస్తామంటారు. మేనేజ్‌మెంట్ సీట్లు కూడా ర్యాంకు మీదే, విశ్వవిద్యాలయం ద్వారానే నిండుతాయి. ఫోను పెట్టేయండి.

రిపోర్టింగ్ రోజు సంచిలో: అలాట్‌మెంట్ ఆర్డరు, నీట్ హాల్‌టికెట్, ర్యాంకు కార్డు, పదో తరగతి, ఇంటర్ మెమోలు, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ పత్రాలు, ఆధార్, అన్నిటికీ మూడేసి జిరాక్సు సెట్లు, ఆ ఫిబ్రవరి ఫోటోలు. ఒరిజినల్స్ ఇచ్చాక కాలేజీవారు ఇచ్చే రసీదును ఫోనులో ఫోటో తీసి ఇంటికి పంపండి. అప్పటిదాకా క్యాంటీన్‌కు వెళ్లి టీ తాగవద్దు.